ట్రెక్కింగ్ వాళ్ల కోసం పల్లీపట్టీ ప్యాకింగ్ మార్చడం ఎలా?

పావుకిలో పల్లీపట్టీని పల్చటి కవర్లో కట్టి, మీద కొండ బొమ్మ స్టిక్కర్ అంటిస్తే అది కొత్త ప్యాకింగ్ అయిపోదు. బెల్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొండెక్కేవాడు ఒక ముక్క తిని కవర్ మడిచి బ్యాగులో పెడితే, సాయంత్రానికి మిగతాదంతా జిగురు ముద్ద. అందుకే ఒక్కో ముక్కకు ఒక్కో కవర్. ఇందులో బేరం లేదు.

కావలసినవి: బ్యాండ్ సీలర్ (కవర్ మూతిని వేడితో అతికించే యంత్రం), మూడు వైపులా సీల్ చేసి వచ్చే పౌచ్‌లు, 0.01 గ్రాము దాకా చూపే కాటా, మెత్తటి బ్రష్, బకెట్ నీళ్లు.

పాకం ముదురుపాకమే. నీళ్లలో వేసిన చుక్కను తీసి పళ్లెంలో పడేస్తే టంగుమనాలి. లేతపాకంతో చేసిన పట్టీని ఏ కవరూ కాపాడలేదు. వేడి మీదే 9 సెం.మీ. పొడవు, 3 వెడల్పు, 1 మందంతో కోస్తే ముక్క సుమారు 30 గ్రాములు, 150 కేలరీలు వస్తుంది. దానికి పౌచ్ 13 × 7 సెం.మీ. సరిపోతుంది.

పౌచ్ పొరలు ఇలా అడగండి: బయట 12 మైక్రాన్ల పాలిస్టర్, మధ్యలో 12 మైక్రాన్ల మెటలైజ్డ్ (పల్చటి లోహపు పూత ఉన్న) పాలిస్టర్, లోపల 50 మైక్రాన్ల పాలిథిన్. అల్యూమినియం రేకు ఇంకా మంచిదంటారు. అలమారలో నిలబెట్టే సరుకుకైతే నిజమే. బ్యాగులో రోజంతా నలిగితే రేకుకి మడత పడిన చోటల్లా సూదిమొన రంధ్రాలు పడతాయి. కిటికీ ఉన్న బ్రౌన్ పేపర్ పౌచ్‌లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ వాటిలో పట్టీ మెత్తబడుతుంది, వెలుతురు తగిలి పల్లీ నూనె పాడై కంపు కొడుతుంది. వాక్యూమ్ ప్యాకింగ్ అసలే వద్దు. గాలి లాగేసరికి పల్లీ పలుకుల కొనలు కవర్‌ని లోపలి నుంచి పొడిచేస్తాయి.

ఇక సీలింగ్. చాలా ప్యాకింగులు చెడేది ఇక్కడే, కాబట్టి నిదానించండి.

పట్టీ పూర్తిగా చల్లారాలి. చల్లారాక మాత్రం గంటలోపు కవర్లోకి వెళ్లిపోవాలి, వానాకాలమైతే అరగంటే. రాత్రి చేసి పళ్లెంలో ఉంచి పొద్దున ప్యాక్ చేస్తే, పీల్చిన తేమను కూడా కలిపి సీల్ చేసినట్టే.

తర్వాతి శత్రువు పల్లీ పొట్టు. సీల్ పడే చోట ఆవగింజంత పలుకు చిక్కినా, వేలికి అంటిన నూనె కాస్త రాసుకున్నా అక్కడ సన్నటి దారి మిగిలిపోతుంది. పైకి సీల్ చక్కగానే కనిపిస్తుంది. అందుకే ముక్కను బ్రష్‌తో దులపండి. తర్వాత ఆహారానికి వాడే మందపాటి కాగితాన్ని దోనెలా మడిచి పౌచ్ మూతిలో పెట్టి, దాని మీదుగా ముక్కను లోపలికి జార్చండి. దోనె తీశాకే మూతిని ముట్టుకోవాలి.

సీల్ చేసేముందు అరచేత్తో నొక్కి గాలి తీసేయండి. ట్రెక్కింగ్‌కి చాలామంది వెళ్లే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం దాదాపు 3,800 మీటర్లు. అక్కడ లోపలి గాలి ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది, బలహీనమైన సీల్ విచ్చుకుంటుంది.

సీలర్‌ను 140 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఖాళీ పౌచ్‌ల మీద ఐదేసి డిగ్రీలు మార్చి చూడండి. రెండు చేతులతో లాగినప్పుడు సీల్ స్టిక్కర్‌లా ఊడి వస్తే వేడి చాలలేదు, ముడుచుకుని పెళుసుబారితే ఎక్కువైంది. కవర్ సాగి చిరగాలి తప్ప సీల్ విడిపోకూడదు. సీల్‌లో ముడత కనిపిస్తే దాని మీదే మళ్లీ సీల్ వేయకండి, పౌచ్ మార్చండి.

ప్రతి వందకు ఐదింటిని నీళ్లలో ముంచి నొక్కండి. బుడగ వస్తే ఆ వంద మళ్లీ చూడాల్సిందే. మరో ఐదింటిని తూచి, తడిగుడ్డ వేసిన స్టీలు డబ్బాలో మూడు రోజులు మూతపెట్టి ఉంచండి. పైన చెమ్మ తుడిచి తూస్తే 0.1 గ్రాము కంటే పెరగకూడదు.

చింపడానికి నాచ్ (అంచున చిన్న గాటు) ఒక్క వైపే, పై సీల్‌కు 15 మి.మీ. కింద. పక్క సీల్ 8 మి.మీ. ఉంటే నాచ్ లోతు 3 మి.మీ. మించొద్దు. అవతలి అంచు దాకా చింపకపోతే పై ముక్క కవర్‌కే వేలాడుతుంది, అడవిలో పడదు.

అచ్చు విషయానికి వస్తే, రంగుకో అచ్చు సిలిండర్ చేయించే ముందు సాదా వెండి పౌచ్ మీద లేబుల్ వేసి అమ్మి చూడండి. లేబుల్ మీద పదార్థాలు, 'వేరుశనగ ఉంది' అన్న అలర్జీ హెచ్చరిక, పోషక విలువలు, ఆకుపచ్చ శాకాహార గుర్తు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు, బరువు, ధర, తయారీదారు చిరునామా, తేదీలు తప్పనిసరి. తేదీ, బ్యాచ్ నంబరు నాచ్‌కు కింద పడేలా వేయించండి. పైన వేస్తే మొదటి చింపుకే అవి చిరిగిపోతాయి.