శనగకు రేగడి దుక్కి ఎలా చేయాలి?

ఒంగోలు, నాగులుప్పలపాడు వైపు నల్లరేగడిలో శనగ వేస్తే తర్వాత నీళ్లు పెట్టేది ఉండదు. ఈశాన్య రుతుపవనాలకు నేల తాగిన తడితోనే పైరు మూడు నెలలు బతకాలి. ఆ తడిని నిలిపేదీ, పోగొట్టేదీ దుక్కే.

ట్రాక్టరు, మట్టిని తిరగేసే రెక్క నాగలి, పళ్లతో దున్నే గొర్రు, గడ్డలు నలిపి చదును చేసే గుంటక ఉంటే చాలు. అన్నీ బాడుగకు దొరుకుతాయి. వేసవిలో రెండు మూడేళ్లకోసారి రెక్క నాగలితో లోతుగా, వాలుకు అడ్డంగా దున్నించండి. తుంగ గడ్డలు ఎండకు చస్తాయి. వానాకాలంలో గడ్డి మొలిస్తే గొర్రు తోలండి.

అసలు చిక్కంతా విత్తే ముందు దుక్కితోనే. ట్రాక్టరు దొరికింది కదా అని వాన వెలిసిన మర్నాడే పొలంలో దింపేస్తారు. అలా చేయొద్దు. పచ్చి మీద దున్నితే రేగడి నున్నగా మెరుస్తూ ముద్దలు ముద్దలుగా లేస్తుంది, ఎండాక గుంటకకు కూడా నలగదు. టైర్ల కింద నేల అణిగిపోతుంది. మరీ ఆలస్యం చేసినా పెళ్లలు లేచి, సందుల్లోంచి ఉన్న తడి ఆరిపోతుంది.

పైమట్టి ముందే ఆరుతుంది, దాన్ని చూసి మోసపోవద్దు. నాలుగు అంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి ఉండ చేసి, నడుము ఎత్తు నుంచి వదలండి. చదునుగా అణిగితే ఇంకా ఆగాలి. పొడిపొడిగా విడిపోతే పదును, అంటే దుక్కికి సరైన తడి. ఉండే కట్టకపోతే పదును దాటిపోయింది. మెరకలో ఒకచోట చూసి ఊరుకోకండి, పల్లం ఆలస్యంగా ఆరుతుంది. మెరక పదును చూసుకుని పొలమంతా దున్నించి, పల్లాన్ని పాడు చేసుకునేవాళ్లు ఏటా కనిపిస్తారు. బాడుగ కాస్త ఎక్కువైనా సరే, రెండు దఫాలుగా దున్నించండి.

రోటవేటర్ ఒక్కసారి కొడితే పనైపోతుందంటారు. ఏటా అదే లోతులో తిరిగితే అడుగున గట్టి పొర కడుతుంది, వేరు దిగదు. పిండిలా నలిగిన పైమట్టి మీద జల్లు పడితే అట్టకట్టి మొలక బయటికి రాలేదు. శనగకు అంత మెత్తటి నేల అక్కర్లేదు. నిమ్మకాయంత గడ్డలు అక్కడక్కడా ఉంటేనే మంచిది, వేళ్లకు గాలి ఆడుతుంది. రెండుసార్లు గొర్రు, ఒకసారి గుంటక. అంతకు మించి తోలొద్దు.

గుంటక తోలిన రోజే విత్తాలి. జేజీ 11 శనగ రకం అయితే ఎకరాకు 25–30 కిలోలు, వరుసల మధ్య 30 సెంటీమీటర్లు, లోతు 5 నుంచి 8 సెంటీమీటర్లు. తడి కిందికి దిగి ఉంటే ఇంకాస్త లోతుగా వేయండి, గింజ పడాల్సింది తడి మట్టిలో.