లోపించిన భాగాన్ని గుర్తుపట్టడం పిల్లలకు ఎలా నేర్పాలి?

ఈ ఆటకు మూడేళ్లు నిండిన పిల్లలు, ఇంట్లో రోజూ వాడే నాలుగైదు వస్తువులు ఉంటే చాలు. పిడి ఊడదీయగల ప్లాస్టిక్ బకెట్టు, మూత ఉన్న పెన్ను, గుండీల చొక్కా, హవాయి చెప్పు, ప్రెషర్ కుక్కర్ మూత సరిపోతాయి. అచ్చు చార్టులతో, ఫోను ఆటలతో మొదలుపెట్టకూడదు. అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ వెక్స్లర్ 1949లో పిల్లల కోసం వెలువరించిన తెలివితేటల పరీక్షలో బొమ్మలో లోపించిన భాగాన్ని చెప్పించే విభాగం ఒకటి ఉన్న మాట నిజమే కాని, అది కొలవడానికి పెట్టినది, నేర్పడానికి కాదు.

ముందుగా వస్తువును పూర్తి రూపంలో పిల్లల చేత వాడించి, పిడి, మూత, గుండీ, పట్టీ అనే పేర్లను ఆ వాడుకలోనే చెప్పాలి. మరునాడు వారు చూడకుండా ఒక్క భాగాన్ని మాత్రమే తీసి దాచాలి.

ఇక ప్రశ్న అడగాలి. పెద్దలు బోల్తా పడేది ఇక్కడే. బకెట్టు చూపి “ఇందులో ఏం లేదు?” అని అడిగితే పిల్లలు లోపలికి తొంగి చూసి “నీళ్లు లేవు” అంటారు, లేదా ఆ ప్రశ్ననే తిప్పి “ఏం లేదు” అని ఊరుకుంటారు. అది వారి తప్పు కాదు, అడిగినదానికి సరైన జవాబే. ‘లో’ అంటే చూపు లోపలికి పోతుంది, ‘కి’ అంటే వస్తువు మీద నిలుస్తుంది. కాబట్టి “ఈ బకెట్టుకి ఏది లేదు?” అనే అడగాలి.

అడిగిన తరువాత మనసులో పది లెక్కపెట్టే వరకు నోరు మెదపకూడదు. అంతకంటే కష్టమైన పని, మన చూపును అదుపులో ఉంచుకోవడం. పిల్లలు వస్తువును వదిలి మన కళ్లు ఎటు పోతున్నాయో చూస్తారు, పిడి ఉండవలసిన రంధ్రం వైపు మనం ఒక్కసారి చూస్తే చాలు, పట్టేస్తారు. అందుకే నేను వారి ముఖం వైపే చూస్తూ కూర్చుంటాను. పక్కనున్న అక్కో అన్నో జవాబు అరవకుండా చూడడం కూడా మన పనే.

పది లెక్కపెట్టినా జవాబు రాకపోతే సూచనలు ఇవ్వకుండా “దీంతో నీళ్లు తీసుకురా” అని పంపాలి. పిడి కోసం తడుముకున్న చేయి మిగతాది చెబుతుంది. భాగం పేరు రాకపోయినా వేలితో చూపితే ఒప్పుకోవాలి. విజిల్ తీసేసిన కుక్కర్ మూతను ఒక నాలుగేళ్ల పాప తిప్పి తిప్పి చూసి, రబ్బరును వేలితో చుట్టూ తడిమి, చివరికి “ఇది కూత పెట్టదు” అంది. నా లెక్కలో అంతకంటే మంచి జవాబు లేదు.

రెండు వారాల తరువాతే బొమ్మలకు వెళ్లాలి, అవీ మీరే గీయాలి. పక్కనుంచి గీసిన ఆవుకు ఒక్క కన్నే ఉంటుంది కనుక రెండో కన్ను లేదని పిల్లలు అంటే కాదనకుండా, అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి మీ ముఖాన్నే చూపాలి.

ఆట ముగిసినప్పుడు తీసిన భాగాన్ని పిల్లల చేతనే తిరిగి పెట్టించాలి. గుండీ, విజిల్, పెన్ను మూత లెక్కపెట్టి ఎత్తున దాచాలి, ఎందుకంటే ఇంట్లో పాకే పసివాడు ఉంటే అవి నేరుగా నోట్లోకి పోతాయి.