లైబ్రరీలో మీకు ఉచితంగా దొరికేవన్నీ వాడుకోవడం ఎలా?

అడ్మిషన్ రోజు ఇచ్చిన ఫీజు రసీదు ఒకసారి తీసి చూడండి. చాలా కాలేజీల రసీదుల్లో లైబ్రరీ ఫీజు అని ఒక వరుస ఉంటుంది. అంటే అక్కడి పుస్తకాలకు, జర్నల్స్‌కు, సిబ్బంది చేసే సాయానికి మీరు ముందే డబ్బు కట్టేశారు. అయినా హైదరాబాద్‌లో ఎంతోమంది విద్యార్థులు కోఠీలో పుస్తకాలు కొంటూ, జిరాక్స్ షాపుల్లో నోట్సులకు ఖర్చుపెడుతూ, ప్రాజెక్టుకు కావాల్సిన రీసెర్చ్ పేపర్ డౌన్‌లోడ్ కావట్లేదని టెన్షన్ పడుతుంటారు. అందులో చాలావరకు లైబ్రరీలోనే దొరుకుతుంది. ఆ మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ముందు కౌంటర్ దగ్గరికి వెళ్లండి

వెబ్‌సైట్‌తో కాదు, మనిషితో మొదలుపెట్టండి. నా దృష్టిలో లైబ్రరీలో అన్నిటికంటే విలువైనది, అందరూ తక్కువగా వాడుకునేది లైబ్రేరియన్ అనుభవమే. వెళ్లి ఇవి అడగండి: నా కార్డు మీద ఎన్ని పుస్తకాలు, ఎన్ని రోజులు ఇస్తారు? ఇంటి నుంచి ఈ-జర్నల్స్ చూడాలంటే లాగిన్ ఎవరిస్తారు? పాత ప్రశ్నపత్రాలు ఎక్కడుంటాయి? పరీక్షల టైంలో రీడింగ్ రూమ్ ఎంతవరకు తెరిచి ఉంటుంది? ఎస్సీ, ఎస్టీ విద్యార్థులైతే బుక్ బ్యాంక్ ఉందా అని తప్పకుండా అడగండి. అది ఉన్న కాలేజీల్లో టెక్స్ట్‌బుక్స్ మామూలు గడువు కంటే ఎక్కువ కాలం మీ దగ్గరే ఉంచుకోవచ్చు.

ప్రాజెక్టు సాయానికి వెళ్తే ప్రశ్నను విడమరిచి అడగాలి. ఉదాహరణకు మీ టాపిక్ 1908 మూసీ వరదలు అనుకుందాం. "మేడమ్, మూసీ మీద బుక్స్ ఉన్నాయా?" అంటే ఒకటో రెండో చూపించి ఊరుకుంటారు. "మేడమ్, 1908 వరదల తర్వాత నగరంలో ఏం మార్పులు చేశారన్నది నా ప్రాజెక్టు. పది పేజీలు రాయాలి, నెల టైముంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడిగి చూడండి. అప్పుడు మాట విశ్వేశ్వరయ్య దగ్గరికి, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు దగ్గరికి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల దగ్గరికి వెళ్తుంది. ఒక్క మాటతో వెతకాల్సిన మీకు అయిదారు దారులు దొరుకుతాయి. ఇంగ్లీషు అంతంతమాత్రమని జంకొద్దు, తెలుగులోనే అడగండి.

కేటలాగ్‌లో వెతకడం

చాలా యూనివర్సిటీల లైబ్రరీ కేటలాగ్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంటుంది. దాన్ని ఓపాక్ అంటారు. ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. పేరు కొట్టగానే దొరకకపోతే పుస్తకం లేదని అనుకోకండి. మూసీ అన్న మాటను ఇంగ్లీషులో కొందరు 'యూ' అక్షరంతో, కొందరు రెండు 'ఓ'లతో రాశారు. తెలుగు పుస్తకాల పేర్లనైతే కొన్నిచోట్ల ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి.

దొరికాక కాల్ నంబర్, అంటే పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే నంబర్ రాసుకోండి. విషయాలవారీగా పుస్తకాలకు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీల్లో 519.5 స్టాటిస్టిక్స్, 894.827 తెలుగు సాహిత్యం. ఆ నంబర్ ఉన్న అరకు చేరాక మీ పుస్తకం ఒక్కటే తీసుకుని వచ్చేయకండి. దాని అటూ ఇటూ ఉన్నవి కూడా అదే విషయానివి. పుస్తకం వేరేవాళ్ల దగ్గర ఉంటే రిజర్వ్ చేయమనండి. అసలు లేకపోతే కొనమని సిఫార్సు చేసే ఫారం అడగండి, లేదా ఇంటర్ లైబ్రరీ లోన్ గురించి అడగండి. లైబ్రరీలు ఒకదానికొకటి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే డెల్‌నెట్ అనే నెట్‌వర్క్‌లో మీ కాలేజీకి సభ్యత్వం ఉంటే వేరే లైబ్రరీ నుంచి పుస్తకం తెప్పించే వీలుంటుంది.

ఈ-జర్నల్స్ తెరవడం

ఇక్కడే చాలామంది తిప్పలు పడతారు. పేపర్ మీద క్లిక్ చేస్తే డాలర్లలో ధర కనిపిస్తుంది. అది చూసి వెనక్కి వచ్చేయకండి. క్యాంపస్ వైఫైలో ఉన్నప్పుడు అదే లింకు ఉచితంగా తెరుచుకోవచ్చు, ఎందుకంటే పబ్లిషర్లు సాధారణంగా కాలేజీ నెట్‌వర్క్‌ను చూసి అనుమతిస్తారు. హాస్టల్ నుంచో ఇంటి నుంచో చూడాలంటే లైబ్రరీ ఇచ్చే రిమోట్ లాగిన్ కావాలి. కౌంటర్‌లో అడగమన్న లాగిన్ ఇదే.

ప్రభుత్వ సంస్థల్లో చదివేవాళ్లకు ఇప్పుడు ఇంకో మేలు జరిగింది. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదం తెలిపింది. 30 పబ్లిషర్ల జర్నల్స్ దాదాపు 13,000 ఈ సంస్థల్లో చదివేవాళ్లకు అందించడానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 2025 జనవరిలో మొదలైంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల కోసం పెట్టిన పథకం కాబట్టి ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌టీయూ, ఇఫ్లూ ఈ కోవలోకే వస్తాయి. ఇంత డబ్బు పోసి తెచ్చినదాన్ని విద్యార్థి వాడుకోకుండా కోర్సు ముగించి వెళ్లిపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

ప్రైవేటు కాలేజీలో ఉన్నవాళ్లు, కాలేజీలకు ఈ-జర్నల్స్, ఈ-బుక్స్ అందించే ఎన్-లిస్ట్ ఉందేమో కనుక్కోండి. అదీ లేకపోతే అన్‌పేవాల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో పెట్టుకోండి. పేపర్‌కు చట్టబద్ధమైన ఉచిత కాపీ ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. అప్పటికీ దొరక్కపోతే రచయితకే మర్యాదగా ఒక మెయిల్ రాయండి. చాలామంది పరిశోధకులు సంతోషంగా పంపుతారు.

కాలేజీ లాగిన్ అక్కర్లేనివి

శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు అధ్యాయాలవారీగా దొరుకుతాయి. మీ టాపిక్‌కు దగ్గరగా ఉన్న ఒక్క థీసిస్ పట్టుకుని, దాని చివర ఉన్న గ్రంథసూచి చూడండి. ఆ పరిశోధకుడు ఏళ్ల తరబడి వెతికి పోగుచేసిన పుస్తకాల జాబితా అది. అక్కడి వాక్యాలు మాత్రం ఎత్తి రాయకండి, ఎక్కడ చదివారో రాయండి. ఆ వివరాలు రాసిపెట్టుకోవడానికి జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

ఐఐటీ ఖరగ్‌పూర్ అభివృద్ధి చేసిన నేషనల్ డిజిటల్ లైబ్రరీలో పుస్తకాలు, వీడియో పాఠాలు ఒకేచోట వెతకొచ్చు. చూపు సమస్య ఉన్న మిత్రులుంటే వాళ్లకు సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ గురించి చెప్పండి. వినడానికి, బ్రెయిలీకి అనువైన పుస్తకాలు అందులో ఉన్నాయి.

క్యాంపస్ దాటితే

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. పాత తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పుస్తకాలు కావాలంటే అక్కడికి వెళ్లండి. సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నాటిది. తెలుగు సాహిత్యం, తెలంగాణ చరిత్ర మీద పనిచేసేవాళ్లు దాన్ని వదులుకోకూడదు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ మంచి లైబ్రరీ ఉంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ గ్రూప్స్‌కు చదివేవాళ్లతో నిండిపోతుంది, సీటు కావాలంటే పొద్దున్నే వెళ్లాలి. ఎక్కడికెళ్లినా కాలేజీ ఐడీ, ఆధార్ జిరాక్స్, ఒక పెన్సిల్ దగ్గర ఉంచుకోండి. పాత పుస్తకాల దగ్గర పెన్ను వాడనివ్వని చోట్లు ఉంటాయి. ఫొటో తీసేముందు అడగండి.

ఫైనలియర్ వాళ్లకు ఒక్క మాట. కోర్సు అయిపోయాక రిమోట్ లాగిన్ ఆగిపోతుంది. నో డ్యూస్ సంతకానికి వెళ్లేలోపే కావాల్సిన పేపర్లు దించుకోండి, జొటేరో ఖాతాకు కాలేజీ మెయిల్ తీసి సొంత మెయిల్ పెట్టుకోండి.