ఎర్రచేలో నైట్రేట్ ఎంత లోతుకు జారుతుంది: లెక్క, గొట్టం, మోడల్

అనంతపురం ఎర్రనేలలో నైట్రేట్ (నీటిలో కరిగి కదిలే నత్రజని రూపం) ఎక్కడిదాకా దిగిందో కంప్యూటర్ తెరవకముందే చెప్పొచ్చు. నేలలో తేమ ఘనపరిమాణంలో 20 శాతం ఉండి, 5 సెం.మీ. నీరు కిందికి ఇంకితే, నైట్రేట్ దిగే లోతు 5 ÷ 0.2 = 25 సెం.మీ. ఆ 5 పడిన వాన మొత్తం కాదు. పారిపోయింది, ఆవిరైంది పోగా మిగిలింది. చాలా లెక్కలు ఇక్కడే చెడతాయి.

భాస్వరం మట్టికి అతుక్కుంటుంది కాబట్టి ఆ 25ను మందగింపు గుణకంతో (నీటికంటే ఎన్ని రెట్లు నెమ్మదిగా కదులుతుందో చెప్పే సంఖ్య) భాగించాలి. గుణకం = 1 + (మట్టి సాంద్రత × అధిశోషణ గుణకం ÷ తేమ). సాంద్రత ఘన సెం.మీ.కు 1.6 గ్రాములు, అధిశోషణ గుణకం (మట్టికి ఎంత అతుక్కుంటుందో చెప్పే కొలత) గ్రాముకు 2 మి.లీ., తేమ 0.2 అయితే 17 వస్తుంది. అంటే భాస్వరం దిగేది 1.5 సెం.మీ.

ఇక గొట్టం పరీక్ష. నైట్రేట్ లాగే మట్టికి అతుక్కోని క్లోరైడును పారించి, నీటితో పాటు అది ఎలా కదులుతుందో చూడటమే ఇది. లోపలి వ్యాసం 10 సెం.మీ., పొడవు 30 సెం.మీ. ఉన్న పీవీసీ పైపు తీసుకుని లోపల గరుకు కాగితంతో రుద్దండి. అడుగున జాలీ, వడపోత గుడ్డ కట్టండి. 2 మి.మీ. జల్లెడ పట్టిన పొడిమట్టి 3.77 కిలోలు తూచి, 2-3 సెం.మీ. పొరలుగా కూరండి. ఒక్కో పొర పైభాగం గీకాకే తర్వాతిది వేయాలి, లేకపోతే పొరల మధ్య నీరు ఆగుతుంది. తడపడం అడుగు నుంచి, నిదానంగా. పైనుంచి పోస్తే గాలి లోపలే చిక్కుతుంది.

మొదట లీటరుకు 0.3 గ్రాముల కాల్షియం క్లోరైడ్ (డైహైడ్రేట్) ద్రావణం పారించి, అడుగున కారే నీటి ఈసీ (విద్యుత్ వాహకత, కరిగిన లవణం ఎంతుందో చెప్పే కొలత) నిలకడయ్యాక 1.5 గ్రాములదానికి మార్చండి. వేగం గంటకు 150 మి.లీ. వంటింటి ఉప్పు వద్దు, సోడియం బంకమన్నును చెదరగొట్టి రంధ్రాలు పూడుస్తుంది. కారిన ప్రతి 50 మి.లీ.కి ఈసీ చూడండి. ప్రతి రీడింగులోంచి మార్చకముందు నిలకడైన ఈసీని తీసేసి, రెండు ద్రావణాల ఈసీల తేడాతో భాగిస్తే సాపేక్ష గాఢత. ద్రావణం మార్చాక సుమారు 930 మి.లీ. (గొట్టంలోని మట్టి రంధ్రాల మొత్తం పరిమాణం) కారే దగ్గర అది 0.5 చేరాలి. 600కే చేరిందా? నీరు గోడ వెంబడి జారింది. మట్టి తీసి మళ్లీ కూరడమే.

ఈ ఫలితాన్ని మోడల్‌లో పెట్టడానికి, నేలలో నీరు, లవణాల కదలికను లెక్కించే హైడ్రస్-1డి అనే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రాంలో ముందు నీటి ప్రవాహం సరిపెట్టాలి. క్లోరైడుకు మందగింపు 1గా కట్టేసి, విక్షేపణ పొడవు (కదిలేటప్పుడు లవణం ఎంత చెదురుతుందో చెప్పే కొలత) ఒక్కటే కదపండి, 3 సెం.మీ. నుంచి మొదలుపెడితే చాలు. నోడ్ల (మోడల్ లెక్కకట్టే బిందువుల) ఎడం 0.5 సెం.మీ. గాఢత మైనస్‌లోకి పోతే ఎడం, కాలం మెట్టు రెండూ తగ్గించండి.

కర్నూలు నల్లరేగడికి ఇదంతా నేరుగా పనికిరాదు. ఎండాకాలం నెర్రెలు విచ్చిన నేలలో మొదటి వాననీరు మట్టిని తడపకుండానే కిందికి దూకుతుంది, జల్లెడ పడితే ఆ నెర్రెలే మాయమవుతాయి. చెదరని మట్టిదిమ్మె తీసి, కదిలే నీరు-కదలని నీరు వేరుచేసే మోడల్ ఎంచుకోవాలి.