ద్రవం చిక్కదనాన్ని స్టీలు గోలీతో కొలవడం ఎలా?

నీళ్లకన్నా గ్లిజరిన్ చిక్కగా ఉంటుందని ఎవరైనా చెప్తారు. ఎన్ని రెట్లు? 20 డిగ్రీల దగ్గర సుమారు 1400 రెట్లు. ఈ లెక్క తేల్చడానికి ల్యాబ్ అక్కర్లేదు, ఒక చిన్న గోలీ, పొడవాటి గాజు జాడీ, ఫోన్ కెమెరా చాలు.

3 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు బేరింగ్ గోలీలు నాలుగైదు తెచ్చుకోండి, జాడీ లోపలి వెడల్పు 6 సెంటీమీటర్లు ఉండాలి. గ్లిజరిన్ పోశాక మూత పెట్టేయండి, ఎందుకంటే అది గాలిలోని తేమను లాక్కుని పలచబడుతుంది, ఆ తర్వాత లెక్క ఎక్కడ తప్పిందో తెలియక జుట్టు పీక్కోవాల్సి వస్తుంది.

పైనుంచి 5 సెంటీమీటర్లు వదిలి ఒక రబ్బరు బ్యాండు, దానికి సరిగ్గా 20 సెంటీమీటర్ల కింద ఇంకొకటి వేయండి. అడుగున కూడా కాస్త ఖాళీ ఉంచండి. గోలీ స్థిర వేగం అందుకోవడానికే ఈ 5 సెంటీమీటర్లు అంటారు గానీ, గ్లిజరిన్‌లో దానికి రెప్పపాటు కూడా పట్టదు. మన చేతి కుదుపు సర్దుకోవడానికే ఆ జాగా.

గోలీని ముందే గ్లిజరిన్‌లో ముంచి తీయండి. పొడి గోలీ వేస్తే వెంట ఓ బుడగ అంటుకుని దిగుతుంది, అది గోలీని పైకి లాగుతూ ఉంటుంది. ట్వీజర్స్‌తో పట్టుకుని, ద్రవంలో కొంచెం ముంచి, సరిగ్గా మధ్యలో వదిలేయండి. వీడియో తీసి రెండు బ్యాండ్ల మధ్య సమయం చూడండి.

10 సెకన్లు పట్టిందనుకుందాం, అంటే వేగం సెకనుకు 0.02 మీటర్లు. 1851లో భౌతిక శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ ఇచ్చిన సూత్రం ప్రకారం (ఇందులో 9.8 అంటే భూమి గురుత్వ త్వరణం):

చిక్కదనం = 2 × వ్యాసార్ధం² × 9.8 × సాంద్రతల తేడా ÷ (9 × వేగం)

వ్యాసార్ధం 0.0015 మీటర్లు. స్టీలు సాంద్రత ఘనమీటరుకు 7800 కిలోలు, గ్లిజరిన్‌ది 1260, తేడా 6540. లెక్క కడితే 1.6 పాస్కల్ సెకన్లు (ఇది చిక్కదనాన్ని కొలిచే యూనిట్) వస్తుంది. పుస్తకాల్లో మాత్రం 1.41 అని ఉంటుంది!

చాలామంది ఇక్కడే టెన్షన్ పడి స్టాప్‌వాచ్‌ని తిడతారు. తప్పు జాడీ గోడలది. గోలీ దిగుతుంటే పక్కకు జరిగిన ద్రవం గోడకూ గోలీకీ మధ్య ఇరుకులోంచే పైకి రావాలి కాబట్టి గోలీ నెమ్మదిస్తుంది. గోలీ వ్యాసార్ధాన్ని జాడీ వ్యాసార్ధంతో భాగించి, 2.4తో గుణించి, 1 కలపండి. ఇక్కడ అది 1.12. మనకొచ్చిన 1.6ని దీంతో భాగిస్తే 1.43.

ఇదే గోలీని నీళ్లలో వేసి లెక్క కట్టకండి. ద్రవం సుడులు తిరగకుండా గోలీ చుట్టూ మెల్లగా సర్దుకున్నప్పుడే ఈ సూత్రం పనిచేస్తుంది, అంటే రెనాల్డ్స్ సంఖ్య (ద్రవం జడత్వం దాని చిక్కదనంతో పోలిస్తే ఎంతో చెప్పే సంఖ్య) 1 కంటే బాగా తక్కువ ఉండాలి. మన ప్రయోగంలో అది 0.05 మాత్రమే.

ఇంకొకటి, థర్మామీటర్ లేకుండా మొదలుపెట్టకండి. 20 నుంచి 25 డిగ్రీలకు వెళ్తే చాలు, గ్లిజరిన్ చిక్కదనం దాదాపు మూడో వంతు పడిపోతుంది. వీడియో బాగా రావాలని జాడీ పక్కన వేడి బల్బు పెట్టారంటే, ఒక్కో గోలీకి ఒక్కో సమాధానం వస్తుంది.