బోర్డర్ కాలీ కొనే ముందు ఖాళీ గొలుసుతో నడిచి చూడండి

రీల్స్‌లో బోర్డర్ కాలీ గాల్లోకి ఎగిరి ఫ్రిస్బీ పట్టుకోవడం చూసి, మా వీధిలోనే ఇద్దరు పిల్లలు అలాంటి కుక్క కావాలని వాళ్ల నాన్నల ప్రాణం తీస్తున్నారు. నన్నడిగిన వాళ్లకి నేను చెప్పేది ఒకటే. మీ ఇల్లెంత పెద్దదో తర్వాత చూసుకోవచ్చు, తెల్లవారుజామున ఇంట్లో ఎవరు లేస్తారో ముందు చూడండి.

ఇది ఇంగ్లండు, స్కాట్లాండు సరిహద్దు కొండల్లో గొర్రెల్ని మళ్లించడానికి పెంచుకుంటూ వచ్చిన జాతి. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క ఇప్పటి బోర్డర్ కాలీల్లో చాలా వాటికి వంశకర్త. అరవకుండా, వంగి నక్కి చూసే చూపుతోనే గొర్రెల్ని కదిలించడం వీటి పద్ధతి. మన ఉదయగిరి వైపు మందల వెంట తిరిగే నాటు కుక్క పని వేరు, అది కాపలా కాస్తుంది, మందని మళ్లించేది కాపరి కేక, కర్ర. కాలీకి మళ్లించడమే పని. గొర్రెలు లేవనుకోండి, స్కూటర్లని, పాలబ్బాయి బండిని, ఇంటికొచ్చిన చుట్టాల్ని మళ్లిస్తుంది.

మా బాబాయి వాళ్లు ఒంగోల్లో ఒకదాన్ని తెచ్చారు. సంక్రాంతికి పిల్లలంతా చేరి పెరట్లో పరుగులు పెడుతుంటే, అది పొట్ట నేలకి ఆనించి ఒక్క చుట్టు తిరిగి, ఐదుగుర్నీ బట్టలుతికే బండ దగ్గర మూలకి చేర్చేసింది. మేమంతా నవ్వుతున్నాం. చిన్నోడు పక్కకి జారుకోబోయాడు, అంతే, మడమ పట్టి కొరికింది. రెండు పళ్ల గుర్తులు, కొంచెం రక్తం. సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి సూది వేయించాం (కుక్కకి టీకాలున్నా సరే ఇది మానకండి). పిన్ని మాత్రం దానికి పిచ్చి పట్టిందనే అంది. పిచ్చీ లేదు ఏమీ లేదు, మందలోంచి తప్పిపోతున్న గొర్రెని అది వెనక్కి తెచ్చుకుంది. నడక నేర్చే పిల్లలో, కర్ర పట్టుకు నడిచే పెద్దవాళ్లో ఉన్న ఇంట్లో దీన్ని బాగా ఆలోచించుకోండి.

ఇక పరీక్ష. కుక్కని కొనకముందే ఒక గొలుసు కొనండి. 21 రోజులు, పొద్దున ఐదింటికి లేచి ఆ ఖాళీ గొలుసు చేత్తో పట్టుకుని గంట నడవండి, జనం నవ్వినా పర్లేదు. సాయంత్రం ఎండ పూర్తిగా తగ్గాక ఇంకో ముప్పావు గంట. అది కాక రోజూ ఒక ఇరవై నిమిషాలు బుర్రకి పని పెట్టాలి, అంటే రస్కు ముక్కలు ఇంట్లో దాచి వెతికించడం, పేరు చెప్పి బొమ్మ తెప్పించడం, అలాంటివి. అమెరికాలో ఛేజర్ అనే బోర్డర్ కాలీ 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుంది. అంత బుర్ర ఉన్నదాన్ని మేడ మీద కట్టేసి మీరు ఆఫీసుకి పోతే అది దోమల మెష్ చింపుతుంది, ఫ్యాన్ నీడ వెంట గంటలకొద్దీ తిరుగుతుంది, అదొక జబ్బులాగా తయారవుతుంది. ఈ పరీక్ష ఇంట్లో ఒక్కరే చేస్తే లాభం లేదు. మీరు ఊరెళ్లిన రోజు ఎవరు నడుపుతారో వాళ్లూ చెయ్యాలి.

ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు కదా. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే వేడి దిగాలి, నెల్లూరు ఉక్కపోతలో ఆ రొప్పు కూడా సరిగా పని చేయదు. పైగా దీనికి రెండు పొరల బొచ్చు. ఎండాకాలం కదా అని గొరిగించకండి, రోజూ దువ్వి లోపలి బొచ్చు తీసేస్తే చాలు. నడకకి ముందు చేతి వెనక వైపుని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించండి, మీకు కాలితే దానికీ కాలుతుంది. ఇంకో చిక్కుంది, ఆడుతున్నంతసేపూ ఇది తనంతట తాను ఆగదు, మీరే ఆపాలి. చిక్కటి చొంగ, ఎర్రబడ్డ చిగుళ్లు, తూలుడు కనిపిస్తే మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాన్ పెట్టి, ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

గోమార్లు (ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే పురుగులు) ఎలాగూ పడతాయి. మందుల షాపులో ఎవరో చెప్పారని ఐవర్‌మెక్టిన్ మాత్రం వేయకండి. కాలీ జాతుల్లో కొన్ని కుక్కలకి ఒక జన్యులోపం వల్ల ఆ మందు మెదడుకెక్కి ప్రాణం మీదికొస్తుంది. డాక్టరుకి జాతి పేరు ముందే చెప్పండి.

పరీక్ష నెగ్గితే, ఎనిమిది వారాలు నిండిన పిల్లనే, తల్లిని కళ్లారా చూశాకే తీసుకోండి. ఓడితే సిగ్గేం లేదు. నేను తొమ్మిదో రోజున ఓడాను. బంగాళాఖాతంలో వాయుగుండం, మూడు రోజులు ముసురు, నేను దుప్పటి తీయలేదు. ఇప్పుడు మా ఇంట్లో నాటు కుక్కే ఉంది, దానికీ ముసురంటే పడదు. ఆ గొలుసుతో మావాడు సైకిలుకి తాళం వేసుకుంటున్నాడు.