క్లాసులో ఓటు - 3వ పాఠం: ఒకే ప్రశ్న, రెండు ఓట్లు

మీ సబ్జెక్టులో ఏటా విద్యార్థులు బోల్తా పడే అంశం ఒకటి ఎంచుకుని ఉంచుకోమని క్రితం పాఠంలో చెప్పాను. ఈసారి దాని మీద ప్రశ్న రాసి క్లాసులో నడపాలి. విద్యార్థులు ముందు ఎవరికి వారే ఓటు వేస్తారు, తర్వాత ఒకరితో ఒకరు వాదించుకుని మళ్లీ ఓటు వేస్తారు. ఈ పద్ధతిని పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ దీన్ని 1991లో మొదలుపెట్టారు. లెక్కలు చకచకా చేసే తన విద్యార్థులే, లారీ కారును గుద్దినప్పుడు ఏది దేన్ని ఎక్కువ బలంతో నెడుతుందన్న తరహా ప్రశ్నల దగ్గర తడబడటం ఆయన్ని ఆలోచనలో పడేసింది. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం రెండు బలాలూ సమానమే. సూత్రం నోటికి వచ్చినంత మాత్రాన ఆ సంగతి తట్టదు.

మన క్లాసుల్లో 'అర్థమైందా?' అని అడిగితే 'అర్థమైంది సార్' అని ముక్తకంఠంతో జవాబొస్తుంది. దాని వల్ల మనకేమీ తెలియదు. ప్రశ్న అలా అడగకూడదు.

బీకాం మొదటి ఏడాదికి పనికొచ్చేది ఒకటి చూడండి. ఒక సంస్థ లక్ష రూపాయలు పెట్టి మెషీన్ కొంది. ఏడాది చివర పుస్తకాల్లో రూ.10,000 తరుగుదల (వాడకం వల్ల మెషీన్ విలువలో తగ్గింపు, అంటే డిప్రిసియేషన్) రాసింది. పన్ను సంగతి వదిలేద్దాం. ఆ ఎంట్రీ వల్ల సంస్థ బ్యాంకు బ్యాలెన్సు ఏమవుతుంది?

ఎ) రూ.10,000 తగ్గుతుంది
బి) కొత్త మెషీన్ కొనడానికి రూ.10,000 విడిగా జమవుతుంది
సి) రూ.10,000 పెరుగుతుంది
డి) ఏ మార్పూ ఉండదు

జవాబు డి. మెషీన్ కొన్న రోజే డబ్బు వెళ్లిపోయింది. ఇప్పుడు రాస్తున్నది పుస్తకాల్లో సర్దుబాటు మాత్రమే. ఇందులో కాలిక్యులేటర్‌తో పని లేదు. గైడు చదివి అప్పజెప్పేందుకూ ఏమీ లేదు. అసలు బలమంతా తప్పు ఆప్షన్లలో ఉంది. ఖర్చంటే డబ్బు పోవడమే అనుకునేవాళ్లు ఎ పెడతారు. తరుగుదలను ఒక నిధిలా ఊహించుకునేవాళ్లకు బి నచ్చుతుంది. సి మాత్రం కాస్త చదివినవాళ్లు పడే గుంట. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో (నగదు రాకపోకల పట్టికలో) తరుగుదలను లాభానికి తిరిగి కలుపుతారని వాళ్లకు గుర్తుంటుంది, ఎందుకు కలుపుతారో గుర్తుండదు.

ఇలాంటి ఆప్షన్లు కుర్చీలో కూర్చుని ఊహిస్తే రావు. పోయిన సెమిస్టర్ జవాబు పత్రాలు తిరగేయండి. విద్యార్థులు నిజంగా రాసిన తప్పులనే ఆప్షన్లుగా పెట్టండి. 'పైవన్నీ', 'పైవేవీ కావు' వద్దు. అవి పరీక్ష కిటుకులను పరీక్షిస్తాయి, అవగాహనను కాదు.

ఇక క్లాసులోకి వెళ్దాం. ప్రశ్న బోర్డు మీద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆలోచించమని ఒకటి రెండు నిమిషాలు ఇవ్వండి. తర్వాత అందరూ ఒకేసారి ఓటు వేయాలి. చేతులెత్తమంటే సగం మంది టాపర్ చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తారు. అందుకే పక్కవాళ్లకు కనపడకుండా ఛాతీ దగ్గర వేళ్లు చూపించమనండి: ఎ అయితే ఒక వేలు, డి అయితే నాలుగు. పైసా ఖర్చు లేదు.

ఫోన్లు అనుమతించే కాలేజీ అయితే ఫోన్‌లోనే ఓటు వేయించడానికి మెంటీమీటర్, స్లైడో, గూగుల్ ఫారమ్స్ ఉన్నాయి. సిగ్నల్ సరిగా అందని గదిలో వీటితో పెట్టుకుంటే పీరియడ్ సగం లాగిన్‌కే పోతుంది. అక్కడ ప్లిక్కర్స్ మేలు. ఒక్కొక్కరికీ ఒక్కో ముద్రించిన కార్డు ఇస్తారు. దాన్ని ఏ వైపు పైకి తిప్పి పట్టుకుంటే అదే వాళ్ల జవాబు. మీ ఫోన్ కెమెరాను క్లాసంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో నమోదవుతుంది. విద్యార్థుల దగ్గర ఫోన్ ఉండక్కర్లేదు.

టెక్నాలజీ ఎంతవరకు కావాలో ఇక్కడే తేల్చుకోవాలి. కెనడాలో నథానియల్ లాస్రీ ఇదే పద్ధతిని ఒక సెక్షన్‌లో క్లికర్లతో (బటన్ నొక్కి ఓటు వేసే చిన్న రిమోట్లతో), ఇంకో సెక్షన్‌లో మామూలు కార్డులతో నడిపి 2008లో ఫలితాలు ప్రచురించారు. నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. యంత్రం వల్ల లెక్క తేలిగ్గా తేలుతుంది, రికార్డు మిగులుతుంది, అంతే. తనిఖీ బృందం వస్తుందంటే ప్రొజెక్టర్ల మీద దుమ్ము దులిపే కాలేజీలు ఈ మాట ముందే వింటే బాగుండేది.

మొదటి ఓటు ఫలితం మీరు చూసుకోండి, తెర మీద మాత్రం చూపించొద్దు. ఏ గీత పొడుగ్గా ఉంటే అందరూ అటే మొగ్గుతారు. సరైన జవాబు 70 శాతం దాటితే రెండు ముక్కల్లో వివరించి ముందుకెళ్లండి. 30 శాతం లోపు ఉంటే చర్చ దండగ, ఆ అంశం ఇంకో దారిలో మళ్లీ చెప్పాలి. ఈ రెండింటి మధ్య ఉందంటే మీ ప్రశ్న పండినట్టే.

అప్పుడు, 'మీది కాని జవాబు చెప్పినవాళ్లను వెతికి ఒప్పించండి' అనండి. మూడు నాలుగు నిమిషాలు చాలు. చిక్కేమిటంటే మన క్లాసుల్లో స్నేహితులంతా ఒకే బెంచీలో ఉంటారు, జవాబూ ఒకటే పెడతారు. కాబట్టి ఒక బెంచీ వదిలి ఒక బెంచీ వాళ్లను వెనక్కి తిరగమనండి. మీడియం ఇంగ్లిషైనా సరే, వాదన తెలుగులో సాగనివ్వండి. ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలంటే సగం మంది నోరు మెదపరు. గోల అవుతుంది. హెచ్‌ఓడీకి ముందే ఒక మాట చెప్పి ఉంచితే మీకూ టెన్షన్ ఉండదు.

ఆ సమయంలో మీరు బెంచీల మధ్య తిరుగుతూ వినాలి. ఎవరు అడిగినా జవాబు చెప్పొద్దు, తలాడించొద్దు.

తెలిసినవాడు చెబితే మిగతావాళ్లు తలూపుతారు, అంతేగా అని మీకు అనుమానం రావచ్చు. కొలరాడో విశ్వవిద్యాలయం జెనెటిక్స్ క్లాసులో సరిగ్గా దీన్నే పరిశీలించి 2009లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. చర్చ తర్వాత అదే భావన మీద మరో ప్రశ్న ఇచ్చి ఎవరికి వారే జవాబివ్వమన్నారు. మొదట్లో సరైన జవాబు ఒక్కరికీ తెలియని గుంపుల్లో కూడా మెరుగుదల కనిపించింది.

రెండో ఓటు అయ్యాక ఫలితం తెర మీద పెట్టండి. వెంటనే జవాబు చెప్పెయ్యకుండా, 'సి అనుకోవడానికి కారణం ఏమై ఉండొచ్చు?' అని అడగండి. 'నువ్వెందుకు సి పెట్టావు?' అంటే ఎవరూ లేవరు. కారణం బయటికొచ్చాక మీ వివరణ మొదలుపెట్టండి: నగదు కదలకుండానే లాభంలోంచి తీసేశాం కాబట్టి తిరిగి కలుపుతున్నాం, కలిపినందువల్ల కొత్తగా డబ్బేమీ రాదు. మొత్తం మీద ఒక ప్రశ్నకు పది, పన్నెండు నిమిషాలు పడుతుంది. మొదట్లో పీరియడ్‌కు ఒకటే పెట్టుకోండి. సిలబస్ వెనకబడుతుందన్న బెంగకు మందు నాలుగో పాఠంలో ఉంది: క్లాసుకు రాకముందే విద్యార్థులతో చదివించడం.

అప్పటిదాకా ఈ వారం అభ్యాసం. ఒక ప్రశ్న రాసి, మీ సబ్జెక్టు కాని సహోద్యోగికి చూపించండి. చదివిన వెంటనే జవాబు ఇట్టే చెప్పేస్తే, తప్పు ఆప్షన్లు తేలిపోతున్నాయని అర్థం. తిరగరాయండి. క్లాసులో నడిపాక మూడు సంగతులు రాసుకోండి: మొదటి ఓటు శాతం, రెండో ఓటు శాతం, తప్పు జవాబును సమర్థిస్తూ ఒక విద్యార్థి అన్న మాట, అన్నది అన్నట్టుగా. ఆ మూడోదానితో నాలుగో పాఠంలో పని ఉంది.